నాల నేను లేకుంటి

మా వైపు శిగం అనే మాట ఒకటుంది. ఒంటి మీదికి అమ్మవారు రావడాన్ని మేం అట్లా అంటాం. నాకు శిగం ఎన్నడూ రాలేదు. ఈ ఒక్క ముక్క బయటికి చెప్పడానికి నాకు పాతికేళ్లు పట్టింది. ఇప్పుడు చెప్తున్నా వినేవాళ్లు పెద్దగా లేరు.

మాది కోరుట్ల పక్కన ఊరు. మా బాపు తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. ఎండాకాలం సెలవుల్లో పొద్దున ఆయనకు సద్ది మోసుకుని తాటివనానికి పోవడం నా పని. అప్పుడు నాకు పదమూడేళ్లుంటాయి. ఆ రోజు నేను పోయేసరికి ఆయన ఇంకా చెట్టు మీదే ఉన్నాడు. నేనూ ఏమీ తినలేదు. సద్దిగిన్నె పక్కన పెట్టుకుని కింద కూర్చున్నాను. తాటికమ్మలు ఒకదానికొకటి రాసుకుంటూ గలగలమంటున్నాయి. కాలి మీద చీమ పాకుతోంది. ఎప్పుడు మొదలైందో తెలియదు. చప్పుడు అట్లాగే ఉంది గానీ దాన్ని వింటున్న పిల్ల లేదు. చీమ ఉంది, కాలు ఉంది, ఎండ ఉంది, నాది అనేది మాత్రం ఎక్కడా లేదు. భయం వేయలేదు. సంతోషం అని కూడా అనలేను, సంతోషపడటానికి ఒకరుండాలి కదా.

ఎంతసేపటికో బాపు దిగి, "సద్దికి చీమలు పట్టినయి, నిద్రవోయినవా బిడ్డా?" అన్నాడు. పోలేదన్నాను. ఆయన కాసేపు నా ముఖంలోకి చూసి, చీమలు దులుపుకుని తిన్నాడు.

ఇంటికొచ్చేసరికి అవ్వ, అంటే మా అమ్మ, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేస్తోంది.

"అవ్వా, ఇందాక వనంల నాల నేను లేకుంటి" అన్నాను. అంతకన్నా మంచి మాట నాకు దొరకలేదు. ఇప్పటికీ దొరకదు.

అవ్వ చేతిలో ఆకు చేతిలోనే ఆగింది. "మరి ఎవరున్నరే?" అంది.

తప్పు అక్కడే జరిగింది. నాలో నేను లేనంటే ఇంకెవరో ఉండాలి, మా దగ్గర లెక్క అది. ఎవరూ లేరని చెప్పాల్సింది. పదమూడేళ్ల తెలివికి "వనమంత ఉండె" అన్నాను. కల్లు గీసేవాళ్ల వనంలో ఉండేది ఎవరో మా వాడకట్టులో పసిపిల్లలకు కూడా తెలుసు. అవ్వ చాట పక్కకు పెట్టి లేచి, కన్నబిడ్డకు రెండు చేతులెత్తి దండం పెట్టింది. "ఎల్లమ్మ తల్లీ" అంది.

మంగళవారం నాకు తలస్నానం చేయించి, ముఖానికి పసుపు పూసి, చేతుల్లో వేపమండలు పెట్టి వాకిట్లో కూర్చోబెట్టారు. బైండ్లాయన వచ్చి జమిడిక వాయిస్తూ అమ్మవారి కథ అందుకున్నాడు. వాడకట్టంతా చుట్టూ చేరింది. ఆయన ఎంత వాయించినా నాకేమీ కాలేదు. జనం గుసగుసలు మొదలుపెట్టారు. అవ్వ ముఖం చిన్నబోయింది, ఆ ముఖం చూడలేక తల ఊపాను. మొదట కొంచెం, తర్వాత జుట్టు విడిపోయేటంత. నిజం చెప్తే దండం ఇంకెవరికో పోయింది, అబద్ధం ఊగితే కాళ్ల మీద పడ్డారు.

మెట్‌పల్లి నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఒకామె నా పాదాలు పట్టుకుని, "నా పెనిమిటి దుబాయి పోయి జాడలేడు, అస్తడా తల్లీ?" అని అడిగింది. "అస్తడు" అన్నాను. ఇంకేమంటాను. ఆమె ఎన్నేళ్లు ఎదురుచూసిందో నాకు తెలియదు. అడిగే ధైర్యం ఎప్పుడూ చేయలేదు.

బాపు చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని దడి దగ్గర నిలబడి అంతా చూశాడు. ఆయన ఒక్కడు వద్దంటే ఆగిపోయేది. సాయంత్రం చెట్లకు పొద్దుపోతోందని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత వనంలో ఎన్నిసార్లు కూర్చున్నానో. వస్తుందా అని కాచుకుంటే కాచుకునే మనిషి ఉంటుంది, అది రాదు.

నన్ను సిరిసిల్లకు ఇచ్చారు. శిగమూగే పిల్లను ఎవరు చేసుకుంటారని పెళ్లివారికి ఆ మాటే చెప్పలేదు. అప్పటిదాకా కాళ్లు మొక్కించుకున్న దేవత పెళ్లిమాటలప్పుడు మాయమైంది. అత్తగారింట్లో సాంచాలు, బట్ట నేసే మరమగ్గాలు, పొద్దంతా దడదడలాడేవి. పక్కనున్న మనిషి మాటే వినపడదు. అయినా నా సంగతి ఎట్లాగో అత్త చెవిన పడింది. తెలిసిన డాక్టర్ ఉన్నాడని జగిత్యాల తీసుకుపోయింది. ఆయన చెడ్డవాడేమీ కాదు. వనం సంగతి చెప్తే తలకు వైర్లు పెట్టించి పరీక్ష చేయించాడు. కాగితంలో ఏమీ కనపడలేదు. అయినా "ఫిట్స్‌ల ఇదొక రకం కావచ్చమ్మా, గా హాయి గూడ దాంట్ల భాగమే" అని మాత్రలు రాశాడు. ఏడాది మింగాను. పొయ్యి మీద పాలు పొంగుతుంటే చూస్తూ కూర్చునేటంత మత్తు.

నేనూ ఆలోచించకుండా లేను. ఫోన్‌లో వెతికాను కూడా. ఖాళీ కడుపు, ఎండ, ఒకే తీరు చప్పుడు, ఆ వయసు, వీటన్నిటికీ ఏవో వివరాలున్నాయి. కావచ్చు. ఆకలి వల్లే సద్దికి రుచి వస్తుంది, అంతమాత్రాన రుచి అబద్ధమా? అవ్వ ఎల్లమ్మ అంది, డాక్టర్ ఫిట్స్ అన్నాడు. ఇద్దరూ పేరు పెట్టి చేతులు దులుపుకున్నారు. ఎట్లుండె బిడ్డా అని ఒక్కరూ అడగలేదు.

పోయిన వానాకాలం బాపును చూడటానికి పోయాను. మోకాళ్లు పోయి ఆయన చెట్లెక్కడం మానేశాడు. మధ్యాహ్నం, అవ్వ లోపల పడుకుంది, అరుగు మీద మేమిద్దరమే. దడి అవతల తాటిచెట్టు గాలికి గలగలమంది. ఆయనే మాట ఎత్తాడు.

"నాకు గూడ అయ్యేది బిడ్డా. చెట్టు మీద, కల్లు లొట్టి మార్చేటప్పుడు. నాల నేను ఉండకపోయేది."

"మరి గా దినం ఎందుకు చెప్పలే బాపూ?"

"ఎట్ల చెప్త? నాల నేను లేనోణ్ణి ఎవలన్న చెట్టెక్కనిస్తరా? మోకు గుంజుకుందురు. ఇల్లెట్ల గడుస్తుండె?"

"అందుకని నన్ను ఊగనిచ్చినవా?"

ఆయన మోకాలు రుద్దుకున్నాడు. "ఇప్పుడు అయితదా నీకు?" అన్నాడు.

"గా మంగళారం సంది కాలే."

"నాకైతది" అన్నాడు తలొంచుకుని. "గీడ కూసున్నా గూడ అయితది, అప్పుడప్పుడు."

ఆయన చెప్పింది తప్పని అనలేను. ఆ మోకు మీదే మేం అన్నం తిన్నాం, నేనూ తిన్నాను. అయినా కోపం ఆగలేదు. నా మాట అర్థమయ్యే మనిషి ఈ లోకంలో ఒక్కడున్నాడు, ఆ ఒక్కడూ దడి దగ్గర నిలబడి చూశాడు. తనది ఎవరికీ చెప్పకుండా దక్కించుకున్నాడు. నాది వాకిట్లో పోయింది.

బస్సుకు టైమైందని లేస్తుంటే, "మీ అవ్వకు చెప్పకు బిడ్డా" అన్నాడు.

చెప్పలేదు. ఆ ఇంట్లో ఒకసారి చెప్పి చూశాను, చాలు.