పెళ్ళి కాపీ కాని రోజు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లోకంలో ఉండేది కాదు. నంద్యాలలో పెళ్ళి వీడియోలు తీసే స్టూడియోలో చేరి ఆరు నెలలు తిరగకముందే పెళ్ళిళ్ళ మీద నాకొక గట్టి అభిప్రాయం ఏర్పడింది. అన్నీ ఒకటే. అదే పందిరి, అవే తలంబ్రాలు, కెమెరాను చూడగానే నమలడం ఆపేసే అదే పెదనాన్న. ఆ మాట అని ఊరుకున్నా బాగుండేది. వీడియోలు దాచే కంప్యూటర్‌లో ఫైళ్ళను భద్రపరిచే జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఏర్పాటు పెట్టింది నేనే (మా ఓనరన్న ఆ కంప్యూటర్‌ను 'పెద్దపెట్టె' అంటూ రోజూ అగరబత్తి వెలిగించేవాడు). అందులో డీడప్ అని ఒక సదుపాయం ఉంది. ఒకసారి రాసిన ముక్కే మళ్ళీ వస్తే రెండోసారి రాయదు, చోటు మిగులుతుంది. పెళ్ళిళ్ళన్నీ ఒకటే కదా అని ఎవరికీ చెప్పకుండా దాన్ని ఆన్ చేసి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

కొన్ని నెలలకు ఒక పెళ్ళి వచ్చింది. ఉదయం నంద్యాలలో తాళి, సాయంత్రం ఆళ్ళగడ్డలో రిసెప్షన్. పెళ్ళికూతురి జేజి (నాయనమ్మ) కాలు విరిగి ఆళ్ళగడ్డలోనే మంచం మీద ఉంది. తాళి కట్టింది సాయంత్రానికల్లా టీవీలో చూపిస్తానని ఓనరన్న ఆమెకు మాటిచ్చాడు. కానీ వీడియో పెద్దపెట్టెలో పడనిదే ఏ కెమెరా కార్డూ గడప దాటకూడదన్నది మా స్టూడియో కట్టుబాటు (అంతకుముందు ఒక కార్డు ఎవరి జేబులోనో ఉండి చాకిరేవుకు పోయిందట). కార్డు పెట్టాను. కాపీకి నలభై నిమిషాలంది, తర్వాత ఆరు గంటలంది, ఆ తర్వాత ఏమీ అనకుండా నిలబడిపోయింది. కేబుల్ మార్చాను. డిస్కులు పరీక్షిస్తే రెండూ బాగానే ఉన్నాయి. చోటూ సగానికి పైగా ఖాళీ.

"ఏం చేస్తాండావప్పా? ఆడ జేజి కాచుకోనుండాది," అన్నాడు ఓనరన్న.

"పెట్టె రాయడంల్యా అన్నా."

"నువ్వేమన్నా కెలికినావా?"

లేదన్నాను. అప్పుడే చూశాను, రాయమన్న డిస్కులు ఆపకుండా చదువుతున్నాయి. ప్రతి కొత్త ముక్కకూ పాత ముక్కల చిట్టా మొత్తం వెతుక్కుంటోంది పెట్టె. ఆ చిట్టా మెమరీలో పట్టనంత పెరిగిపోయి డిస్కుల మీదికి చేరింది. అంటే నా డీడప్. సరే, ఎంత చోటు మిగిల్చిందో చూద్దామని లెక్క అడిగాను. ఏమీ మిగల్లేదు. అన్ని పెళ్ళిళ్ళలో ఒక్క ముక్క కూడా ఇంకో పెళ్ళిదానితో కలవలేదు. ఓనరన్న వైపు తిరిగాను.

"నేనే కెలికినానన్నా. అన్ని పెండ్లిండ్లూ ఒకటే గదా అని."

"పెండ్లికి పోయి కూడు తినేసి వస్తే ఒకటే మాదిరే ఉంటాదిలే," అన్నాడు ఓనరన్న.

డీడప్ ఆపి కాపీ మళ్ళీ మొదలుపెడితే చకచకా నడిచింది. పొద్దు గూకకముందే ఆళ్ళగడ్డలో జేజి ముందు కూర్చున్నాం. సరిచూసే పేరుతో ఆ తాళి ముక్కను నేను అప్పటికే పదిసార్లు చూసి ఉన్నాను. జేజి ఒక్కసారే చూసింది.

"మా పాప ఆ పిల్లోని కండవతో కండ్లు తుడ్సుకుంటాండాది సూడప్పా," అంది నాతో. "అప్పుడే ఆయప్పను నమ్మినాది."

నేను కండువానే చూడలేదు. ఇప్పుడు నా సొంత పెళ్ళి వీడియో పెట్టి, నా భార్య ఎక్కడ కళ్ళు తుడుచుకుందా అని వెనక్కీ ముందుకీ తిప్పుతూ ఉంటాను. అన్నీ తెలిసిన ఆనాటి ఆ కుర్రవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కసారి చూపించాలనిపిస్తుంది.