బస్సు ఒరిగిన చోటి దాకా

కోట ఊరి దగ్గర మా బస్సు బోల్తా పడినప్పటి నుంచి హారన్ వినబడితే చాలు, నాకు ఒళ్లంతా చెమటలు పట్టేవి. పలకరించడానికి ఊరంతా అరటిపండ్లతో వచ్చింది. "మొదట్నుంచీ చెప్పక్కా, ఎట్టా జరిగిందీ?" అని అడిగేవారు. తీరా కథ బస్సు ఒరిగిన చోటికి వచ్చేసరికి ఎవరో ఒకరు అందుకుని, తన బావమరిది స్కూటర్ మీంచి పడిన వైనం ఎత్తుకునేవారు. పోతూ పోతూ "అదంతా మర్చిపో అక్కా" అని నాకే బుద్ధి చెప్పేవారు.

చివరికి నెల్లూరులో మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లాను. వీధిలో మాత్రం కళ్లద్దాల కోసమని చెప్పింది మా అత్త. డాక్టరు గారు కూడా మొదటి నుంచి చెప్పమన్నారు. బస్సు ఒరిగిన చోట అలవాటుకొద్దీ ఆగి, ఆయన బావమరిది కోసం ఎదురుచూశాను.

ఆయన నోరు మెదపలేదు. ఆ తర్వాత ఏం జరిగిందో మొదటిసారి ఒక మనిషికి చెప్పాను.