చేరడం వేరు, అతుక్కోవడం వేరు

మా జువాలజీ సార్ పోయారని మంగళవారం పొద్దున పెనుకొండ నుంచి ఫోన్ వచ్చింది. నా భార్యకు చెప్పాను. ఆమె పొయ్యి ఆర్పేసి చెప్పులేసుకుంది.

తొంభైల్లో హిందూపురం కాలేజీలో ఆయన ఫలదీకరణ పాఠం చెబుతుంటే వెనక బెంచీల్లో ఒకటే నవ్వులు. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "శుక్రకణాలు కోట్లలో బయల్దేరతాయప్పా. అండం దాకా చేరడం వేరు, అతుక్కోవడం వేరు. కణం పైపొరలో ప్రోటీన్లుంటాయి. అవి పట్టుకోవల్ల" అన్నారు. పరీక్షలో రాసి మరిచిపోయాను.

పెళ్ళయిన ఆరేళ్ళకు కూడా మాకు పిల్లలు లేరు. అమ్మ నా భార్యను గొడ్రాలనేది. బెంగళూరులో ఇద్దరమూ పరీక్షలు చేయించుకున్నాం. నా కణాల లెక్క బాగుంది, కదలికా బాగుంది. కానీ గాజు గిన్నెలో ఆమె అండాల పక్కన ఉంచితే మరునాటికి ఒక్క కణమూ అతుక్కోలేదు. లోపం నా వైపే ఉన్నట్టుందని డాక్టరమ్మ చెప్పింది. తిరుగు బస్సులో "ఇంట్లో చెప్పొద్దు" అన్నాను. ఆమె తలూపింది.

ఏడాదిపాటు తిట్లు ఆమె పడింది. బీరువా తలుపు చప్పుడైతే చాలు, రిపోర్టు ఎవరికైనా దొరికిందేమోనని నేను ఉలిక్కిపడేవాణ్ణి. చివరికి అమ్మ మడకశిరలో ఇంకో పిల్లను చూసింది. నా భార్యను ధర్మవరంలో పుట్టింట దింపి రమ్మంది. ఆమె చీరలు మడత పెట్టుకుంటుంటే చూడలేక, రిపోర్టు జేబులో పెట్టుకుని, సార్ ఉండే పెనుకొండకు బస్సెక్కాను.

సార్ దాన్ని రెండుసార్లు చదివారు. "ఏ ప్రోటీన్ లోపమో చెప్పేంత చదువు ఇంకా ఎవురికీ లేదప్పా. భయపడతాండావా?"

"చచ్చేంత భయంగా ఉండాది సార్. ఊర్లో తెలిస్తే తలెత్తుకోలేను."

"చెప్తే నీకు పోయేది పరువు. చెప్పకపోతే ఆయమ్మికి పోయేది ఇల్లు. మడకశిర పిల్లకు గూడా ఇదే గతి పట్టిస్తావా?"

ఆయన నాతోపాటే బస్సెక్కారు. అమ్మ ఎదుట కూర్చుని, "నువ్వే చెప్పు" అన్నారు. ఎట్లాగో చెప్పాను.

"మగోనికి లోపమేంది సార్?" అంది అమ్మ.

ఆయన కాగితం మీద బొమ్మ గీసి, క్లాసులో చెప్పినంత ఓపిగ్గా వివరించారు. అమ్మ చాలాసేపు ఆ బొమ్మనే చూసింది. తర్వాత నా భార్య వైపు తిరిగింది.

"నీకు తెలుసునా?"

"తెలుసత్తా."

"మరి యాల చెప్పకపోతివే?"

"ఆయనకు భయమత్తా."

మాకు పిల్లలు కలగలేదు. మడకశిర సంబంధం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆ తర్వాత సార్ ఎప్పుడొచ్చినా "బాగుండావా తల్లీ?" అని ముందు ఆమెనే పలకరించేవారు. ఒకసారి పేపర్ కటింగ్ పట్టుకొచ్చారు. ఎలుకల్లో అట్లాంటి ప్రోటీన్ ఒకటి దొరికిందట. అది లేకపోతే కణం అండాన్ని చేరినా దాంతో కలిసిపోలేదట. "నీ లోపం ఇదేనని అనడంలా. ఎవురి తప్పూ కాదని చెప్తాండా, అంతే" అన్నారు.

మంగళవారం పాడె లేచినప్పుడు ఆడవాళ్ళంతా గడప దగ్గరే ఆగిపోయారు. నా భార్య ఆగలేదు. వీధి చివరిదాకా నడిచింది. పాడె మలుపు తిరిగి కనబడకుండా పోయినా, ఎండలో అట్లే నిలబడి ఉంది.