వట్టిపోయిన మిల్లు

మా అన్న బాలనర్సింహది బహదూర్‌పురాల పాల యాపారం. వట్టిపోయిన బర్రెను సగం ధరకు కొని, మేపి, ఈనినంక పాలు పిండుకునుడే ఆయన తెలివి. అది ఎన్నడూ తప్పలే.

డెబ్బై ఎనిమిదిల ఊరవతల ఒక బట్టల మిల్లు మూతబడ్డది. పది రూపాయల షేరు రూపాయిన్నరకు దొరుకుతదని పాలు పోసే ఇంట్ల విన్నడు. పోయి మిల్లు గోడ చుట్టూ తిరిగొచ్చిండు.

"ఒక్క జాగ ధరనే షేర్ల కన్న మస్తు ఎక్కువుంటది తమ్మీ. ఇది గూడ వట్టిపోయిన బర్రెనే" అని రెండు బర్రెలమ్మి షేర్లు కొన్నడు.

నాకు మండింది. "బర్రెను నువ్వు మేపుతవ్. మిల్లును ఎవడు మేపుతడే?" అన్న నేను.

ఏడేండ్లు ప్రతి ఆదివారం పోయి గేటు తాళం చూసొచ్చిండు. మగ్గాలను లారీలల్ల తీస్కపోయిన్రని వాచ్‌మెన్ చెప్పిననాడు గూడ లొల్లి చెయ్యలే, ఏడ్వలే. ఇంటికొచ్చి పాలు పిండిండు.

మళ్ల ఆదివారం చెప్పులు తొడుక్కుంటుంటే, "ఇంకా ఎందుకు పోతవ్?" అని మా వదిన ఆండాలు అడిగింది.

"బర్రె సస్తే రెండో రోజుకు కంపు గొడ్తది" అన్నడు అన్న. "ఇది సచ్చిందని నాకెట్ల తెల్వాలె?"