బొమ్మలాయన గీసిన చెయ్యి

తిరుత్తణిలో మా వీధిగదికి అద్దెకొచ్చిన బొమ్మలాయన మంచివాడు కాడని తేల్చడానికి మా అమ్మకు ఒక పూట పట్టింది. నాకు రెండు పూటలు పట్టింది. ఎనిమిదో క్లాసుతో బడి మానేసి మగ్గమెక్కినవాణ్ణి, నాకు ఏదైనా నిదానంగా ఎక్కుతుంది.

ఆయన పొన్నేరి వైపు తెలుగాయన. తిరువళ్ళూరులో సినిమా టాకీసుకు బ్యానర్లు రాసేవాడు. అక్కడ హీరోయిన్ బుగ్గలకు గులాబీ రంగు పూసి వచ్చి, ఇక్కడ తలుపు చేరేసుకుని, కడుపులో కిటికీ ఉన్న ఆడమనిషినీ, కాళ్ళ చోట వేర్లు మొలిచిన పోస్టుమాన్‌నూ గీసేవాడు. దీపం మసిని మేము నూలుకు పెట్టే గంజిలో కలిపేవాడు. కొండమీద గుండ్లు కొట్టించుకున్నవాళ్ళ వెంట్రుకలు పొట్లం కట్టి తెచ్చి, ఆ గంజితోనే బొమ్మకు అతికించేవాడు. గది మూల ఎప్పుడూ కోసిన నిమ్మకాయలు. మా అమ్మకు ఇంకేం కావాలి?

"ఆ నిమ్మకాయలెందుకన్నా?" అని ఒకరోజు అడిగాను.

"చేతికంటిన రంగు పోయేదానికి."

"మా యమ్మ సూనియానికి, చేతబడికి అంటాది."

"మీ యమ్మ నాకంటే పెద్ద కళాకారిణి," అన్నాడు. అని నవ్వలేదు. జోకు వేసి నవ్వని మనిషిని నేను ఈనాటికీ నమ్మను.

పొద్దున పూట మా మగ్గం గుంట పక్కన కూర్చుని నాయన కుడిచెయ్యి గీసేవాడు. రోజూ అదే చెయ్యి.

"నిన్న గీసిందే కదన్నా? యేమన్నా పెరిగిందా?"

"చూసింది చూసినట్టు నూరుసార్లు గీయాల. నూటొకటోసారి అదే యాడికో పోతాది. అప్పుడు దాని యెనకాల పోవాల."

"పోయి తిరిగొచ్చేదానికి బస్సుండాదా?"

"గీసుకోనీలేరా," అన్నాడు నాయన. మగ్గం దగ్గరికి సొంత బామ్మర్దినే రానివ్వని మనిషి! అదీ నాకు అనుమానమే.

ఆ ఏడాది నాయనమీద ఇంకో అనుమానం కూడా ఉండేది. కొత్త పడుగు ఎక్కించేటప్పుడు పాత పోగుకు కొత్త పోగును వేళ్ళతో మెలిపెట్టి, బూడిద అద్ది అతకాలి. వేల పోగులు. మా వీధిలో నాయనంత జోరుగా అతికేవాళ్ళు లేరు. అలాంటిది, కళ్ళు మసకలని ఆ పని నాకు అంటగట్టాడు. ఆ మసక కళ్ళతోనే పేపర్లో చీమకాళ్ళ అక్షరాలు చదివేవాడు.

కార్తీకంలో మొదలుపెట్టిన పెద్ద బొమ్మ పూర్తయింది. తలలేని మనిషి మగ్గం గుంటలో కూర్చున్నాడు. మెడలోంచి పోగులు వస్తున్నాయి. చేతులు రెండూ ఒంటినుంచి విడిపోయి అరటిగెలల్లా దూలానికి వేలాడుతున్నాయి. కుడిచేతి చివరి రెండు వేళ్ళు కొక్కెంలా లోపలికి వంగి ఉన్నాయి. అమ్మ కిటికీలోంచి చూసింది.

వారం తిరక్కుండానే, అన్నం తినేటప్పుడు నాయన వేళ్ళసందుల్లోంచి మెతుకులు జారాయి.

"కోళ్ళకు యేస్తాండావా నాయనా?" అన్నాను.

అమ్మ నవ్వలేదు. నాయన చెయ్యినే చూస్తోంది. చివరి రెండు వేళ్ళు చాపుకోవడం లేదు. నాయన లేచి వెళ్ళగానే నన్ను పట్టుకుంది.

"బొమ్మలో వంచినాడు, ఈడ వంగినాయి. వాడు లేనప్పుడు ఆ కాగితాలన్నీ యెత్తకరా. పూండి చెరువులో కలిపేస్తే సూనియం ఇరుగుతాది."

"మద్రాసంతా తాగేది ఆ నీళ్ళేనమ్మా. ఊరందరికీ యేళ్ళు వంగితే?"

"నోరు మూసుకోని పో."

ఆయన తిరువళ్ళూరు వెళ్ళిన మధ్యాహ్నం గదిలోకి దూరాను. చాప కింద కాగితాల కట్ట దొరికింది. ఒక్కో కాగితం మూల తమిళంలో నెల పేరు. ఆడిలో, అంటే మన ఆషాఢం నాటికే, వేళ్ళు కాస్త వంగాయి. మరుసటి నెల ఆవణిలో ఇంకాస్త. పెద్ద బొమ్మ మొదలుపెట్టింది కార్తీకంలో. అది నేను ఎరుగుదును. అంటే బొమ్మ చూసి వేళ్ళు వంగలేదు. ఆడి నెల కాగితంలో నాయన వేళ్ళ మధ్య బీడీ ఉంది. పక్కన చిన్నగా రాసుకున్నాడు: 'నిప్పు చర్మానికి తగిలింది. చెయ్యి తీయలేదు.'

కట్టను పూండికి కాదు, నాయన దగ్గరికి తీసుకుపోయాను.

"తెలిసీ గీసుకుంటా కూర్చున్నాడా, చెప్పకుండా?"

నాయన ఆ కాగితాన్ని బోర్లా పెట్టాడు. "ఆ దినమే చెప్పినాడు, ఆస్పత్రికి పోదాం రాన్నా అని. నేనే వద్దన్నాను. యెవురికైనా చెప్తే గది ఖాళీ చెయ్యాలన్నాను." తర్వాత మెల్లగా, "పెద్దరోగమని తెలిస్తే నేను నేసిన చీర యెవురు కడతార్రా?" అన్నాడు.

మర్నాడే ఇద్దరం రైలెక్కి తిరువళ్ళూరు ఆస్పత్రికి వెళ్ళాం. నాయన కళ్ళు మూసుకుంటే డాక్టరు సూదితో చిటికెనవేలు గుచ్చాడు. "ఎప్పుడు గుచ్చుతారు సార్?" అని నాయన అడిగాడు. అప్పటికే మూడుసార్లు గుచ్చాడు. కుష్టే. విడవకుండా మాత్రలు మింగితే ముదరదు, ఇంకొకరికి అంటదు, వంగినవి మాత్రం ఇక చాపుకోవు అన్నాడు డాక్టరు. చూపుడువేలూ బొటనవేలూ బాగానే ఉన్నాయి. నేత సాగుతుంది, ఎవరికీ తెలియకుండా ఉంటే.

మేము తిరిగొచ్చేసరికి అమ్మ వీధినంతా కూడేసింది. చేతబడి చేశాడని బొమ్మలాయన పెట్టె బయట పడేశారు. ఆయన ఒక్కమాట చెబితే చాలు, అందరి నోళ్ళూ మూతపడేవి. చెప్పలేదు. నాయన తలవంచుకుని లోపలికి వెళ్ళిపోయాడు. నేను పెట్టెకు ఒక చెయ్యి వేసి బస్సుదాకా మోశాను.

"ఆస్పత్రికి పోయినారా?" అన్నాడు.

"పోయినాము."

"సరి," అని బస్సెక్కాడు.

తిరిగొచ్చేసరికి మా గడప ముందు గుమ్మడికాయ పగలగొడుతున్నారు. పక్కింటి మామ నన్ను చూసి, "నువ్వు చెప్పరా, వాడు యెట్లా గీసేవాడు?" అన్నాడు. మెడ వంచి, ఒక కన్ను మూసి, గాలిలో గీస్తూ ఆయనలా నడిచి చూపించాను. వీధంతా విరగబడి నవ్వింది. లోపల మగ్గం చప్పుడు ఆగింది. నేను మాత్రం ఆపలేదు. ఆపితే ఎందుకాపావని అడుగుతారు.