బంద్ రోజున ఆరేసిన జంపఖానా

బంద్ రోజున బుద్ధున్నవాడెవడూ ఇల్లు కదలడు. నేను కదిలాను, అదీ జంపఖానాతో. తర్వాత జరిగిన ప్రళయం నా డైరీలో ఆ రోజు పేజీ నిండి మర్నాటి పేజీలోకి పొర్లింది.

తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా ఉన్న రోజులవి. కృష్ణా జిల్లా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి ఉండేవాళ్లం. మా అమ్మాయి నిశ్చితార్థానికి, మేడ మీదుండే ఇంటి యజమానురాలు లక్ష్మమ్మగారు తన జంపఖానా ఇచ్చారు. వరంగల్ మగ్గం మీద నేసిన ఎర్ర, నీలం చారలది, పుట్టింటివారు పెట్టింది. "జర పైలం సారూ" అని మరీ ఇచ్చారు. మా వియ్యంకుడు దాని మీద సాంబారు ఒలకబోశాడు. వియ్యంకుణ్ణి ఏమనగలం? "పర్లేదు బావగారూ, ఇంకాస్త వేయించుకోండి" అన్నాను.

బంద్ రోజు లక్ష్మమ్మగారు కర్మన్‌ఘాట్ గుడికి నడిచి బయల్దేరగానే ఉతికేశాను. మేడ మీద ఆరేస్తే వచ్చి చూసేస్తారు.

"మరెక్కడ ఆరేస్తారండీ?" అంది మా ఆవిడ.

"మెయిన్ రోడ్డు మీద. ఇవాళ కుక్క కూడా తిరగదు. ఎంత ప్లానో చూడు!"

తడిసిన జంపఖానా అలిగిన దున్నపోతులాంటిది, లాగినకొద్దీ మొరాయిస్తుంది. ఇద్దరం ఈడ్చుకెళ్లి నడిరోడ్డున పరిచాం. సగం ఆరేసరికి ఎల్బీ నగర్ వైపు నుంచి డప్పులు వినిపించాయి. వంటావార్పు! రోడ్డు మీదే వండుకు తిని నిరసన తెలపడానికి బియ్యం, పప్పు, పొయ్యిలతో జనం వచ్చేశారు.

"ఎవలేసిండ్రే గిది? సల్లగ మస్తున్నది!" అంటూ ముందున్న పెద్దాయన చతికిలబడ్డాడు. వెనకే బస్తీ అంతా.

"అయ్యా, అది... ఆరేసిన..." డప్పుల్లో నా గొంతు నాకే వినపడలేదు.

"మీదేనా సారూ? ఆంధ్ర సారైనా దిల్ పెద్దది! కూసోండ్రి, పప్పన్నం తినిపోండ్రి."

కూర్చున్నాను. చుట్టూ పప్పు చిందుతోంది. సరిగ్గా అప్పుడే లక్ష్మమ్మగారు గుడి నుంచి వచ్చారు. జంపఖానాను చూశారు, నన్ను చూశారు. నేను తల వంచుకుని విస్తరిలో పప్పు కలపసాగాను.

"గిది మాది గాదా సారూ?"

పెద్దాయనే అందుకున్నాడు. "మేం అడగకముందే సారే తెచ్చి ఏసిండక్కా!"

ఆవిడ కొంగు నడుముకు దోపి నా పక్కనే కూర్చున్నారు. "నాకు చెప్పకుంట ఇంత పని చేసిండ్రా! మీరు ఇంట్ల తలుపేసుకొని కూసుంటరనుకున్న."

నిజం చెప్పే ధైర్యం లేక తలూపాను.

"అయితే ఇగ దీని జిమ్మేదారి మీదే. ఏడ ధర్నా అయితే ఆడ మీరే ఏయాలె!"

వేశాను, రాష్ట్రం వచ్చేదాకా. నన్ను చూడగానే "జంపఖానా సారొచ్చిండు, ఇగ షురూ చెయ్యుండ్రి" అనేవారు. నేను వేస్తేగానీ ఎవరూ కూర్చునేవారు కాదు. ఆ పిలుపు గుర్తొస్తే ఇప్పటికీ భుజం నొప్పి, నవ్వు కలిసే వస్తాయి.

కాబట్టి అందరి సమక్షంలో ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఖాళీ రోడ్డును ఈ జన్మలో మళ్లీ నమ్మను. అదెంత ఖాళీగా ఉంటే అంతమంది వస్తున్నారని అర్థం.