లోపలి గదికి మందు

మొన్న మా ఖానాపురం హవేలి వీధిలోకి దోమల మందు కొట్టే ఆయన వచ్చి, గేటు ముందు పొగ వదిలి, ఫోనులో ఫొటో తీసుకుని, "ఫొటో పోతేనే హాజరు సార్, టెంపరరీ గదా మేం" అంటూ పక్క సందులోకి వెళ్లిపోయాడు. టెంపరరీ అన్న మాట చెవిన పడగానే, నలభై ఏళ్ల కిందట భద్రాచలం అడవి పల్లెల్లో పంపు మోసిన నా సీజను ఉద్యోగం కళ్లముందుకొచ్చింది.

వానలకు ముందు రెండు నెలలు ఇంటింటి గోడలకూ మలేరియా దోమల మందు కొట్టి, బయటి గోడ మీద ఎర్రమట్టి జాజుతో 'పూర్తి' అని రాయడం మా పని. ఆ రాతలు చూసి ఇన్‌స్పెక్టరు గారు మెచ్చితేనే మరుసటేడు పిలుపు, లేదంటే పెనుబల్లిలో నాన్న వెనక మళ్లీ అరక దున్నుడే. అయితే ఆ ఇళ్లలో లోపలి గది గతించిన పెద్దలను కొలుచుకునే చోటు, పరాయివాళ్లు గడప దాటకూడదు. అందుకని మేమంతా ముందు గదికే కొట్టి 'పూర్తి' రాసేసేవాళ్లం. చేతులు దులుపుకోవడం నాకూ తొందరగానే అబ్బింది.

మొదటి ఏడు నేనలా రాసిన ఒక ఇంటి కోడలిని చలిజ్వరంతో మంచం మీద దవాఖానాకు మోసుకెళ్తుంటే దారిలో ఎదురయ్యాను. ఆమె బతికింది గానీ కడుపులో బిడ్డ దక్కలేదు. నా రాత మీద నాకే అసహ్యమేసింది. ఉద్యోగం ఉన్నా ఊడినా ఇక అబద్ధం రాయకూడదనుకున్నాను.

రెండో ఏడు అదే ఇంటికెళ్లి, పంపు గడప బయట పెట్టి నేను కొడుతూ, పైపు కొస ఆ కోడలి అత్త చేతికిచ్చి లోపలికి పంపాను. సరిగ్గా అప్పుడే ఇన్‌స్పెక్టరు గారు దిగారు.

"సర్కారు పైపు ఊరోళ్ల చేతికిస్తవా? రేపటి నుంచి రాకు" అని, లోపల చూడబోతే ఆ ముసలామె అడ్డం నిలబడింది.

"ఆగు సారూ, ఆడ మా పెద్దలున్నరు. మూలమూలకు నేనే కొట్టిన. అన్నం తినే నోటితో చెప్తున్న."

ఆయన ముఖం ముడుచుకుని వెళ్లిపోయారు. రావద్దన్నది రేపటి నుంచి కదా, ఈ పొద్దు నాదేనని మొండికేసి, మిగిలిన ఇళ్లన్నిటికీ ఆడవాళ్ల చేతే లోపలి గదులు కొట్టించి, పొద్దుగూకేలోపు ఊరు ముగించాను.

మరుసటేడు పిలుపు రాలేదు. అరక పట్టాను. సీజను మొదలైన పక్షం రోజులకు బస్సు డ్రైవరు చేత ఇన్‌స్పెక్టరు గారే కబురంపారు. ఆ ఊరి ఆడవాళ్లు కొత్తవాళ్లను గుమ్మం తొక్కనియ్యక, "పోయినేడు పైపు మా చేతికిచ్చినోడు ఏడి? ఆయనొస్తేనే" అని కూర్చున్నారట. బట్టలు సర్దుకోకుండానే బస్సెక్కాను.

నా పనికి దొరికిన సర్టిఫికెట్టు అదొక్కటే. ఇప్పుడు టెంపరరీ వాళ్ల పనిని ఫోన్లే చూసుకుంటున్నాయి, మనిషి అడగాల్సిన అవసరం తీరిపోయింది. మా వీధికి ఈ రెండేళ్లలో ఎందరు వచ్చి, పనిచేసి, మారిపోయారో గానీ, ఒక్కరి గురించైనా 'ఆయనేడి' అని నేనూ అడిగిన పాపాన పోలేదు.